మా హాస్టల్ నీళ్లకు ఒక నాయకుడి ఫోన్ ఎందుకు కావాలి?

తెలంగాణ విశ్వవిద్యాలయాల ఛాన్స్‌లర్ గారికి, ఉన్నత విద్యా శాఖకు, ఉపకులపతులకు, అన్ని రాజకీయ పార్టీల నాయకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. అమ్మానాయినలు పత్తి వేస్తారు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే. ఏడేళ్లుగా హాస్టల్లోనే ఉంటున్నాను.

క్యాంపస్‌లో విద్యార్థులు తమ ప్రతినిధులను తామే ఎన్నుకునే ఎన్నికలు మళ్లీ జరపాలని కోరుతూ గత రెండేళ్లలో మేం మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. మొదటిసారి "పైకి పంపిస్తాం" అన్నారు. రెండోసారి "ఇది ప్రభుత్వం తీసుకోవాల్సిన నిర్ణయం, మా చేతిలో లేదు" అన్నారు. మూడోసారి కాగితం తీసుకున్నారు గానీ ముట్టినట్టు ముద్ర కూడా వేసి ఇవ్వలేదు. ఇక ఎవరికి ఇవ్వాలో తెలియక అందరికీ కలిపి రాస్తున్నాను. మా విశ్వవిద్యాలయం పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఒక్క క్యాంపస్ గోడు కాదు, ఒక్క అధికారి తప్పూ కాదు.

ముందుగా జరిగిన విషయం ఒకటి చెప్పాలి.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా అమ్మాయిల హాస్టల్ బోరు మోటారు కాలిపోయింది. అప్పటికి సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. పొద్దున ఒక గంట ట్యాంకు నీళ్లు వచ్చేవి, అంతే. నూట ఎనభై మందిమి సంతకాలు పెట్టి వార్డెన్‌కు ఇచ్చాం, ఆ తర్వాత పరిపాలనా భవనంలో ఇచ్చాం. ఐదు రోజులు గడిచాయి. పిల్లలు బకెట్లు పట్టుకుని పక్క హాస్టల్‌కు నడిచారు. ఆరో రోజు మా జూనియర్ ఒకమ్మాయి వాళ్ల అన్నకు ఫోన్ చేసింది. ఆయన తనకు తెలిసిన ఒక పార్టీ నాయకుడికి చెప్పాడు. రెండు గంటల్లో రెండు ట్యాంకర్లు వచ్చాయి. మర్నాటికి మోటారు బాగైంది. ట్యాంకర్ల ముందు మమ్మల్ని నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. పై ఆదివారం సభ ఉంది, బస్సు పంపిస్తాం, గదికి ఇద్దరు రావాలన్నారు. వెళ్లాం. నీళ్లు తెచ్చిన వాళ్లకు రామని ఎట్లా చెప్తాం?

ఆ నాయకుడిని నేను తప్పుపట్టడం లేదు. ఆ పూట మాకు నీళ్లు వచ్చింది ఆయన వల్లే. నేను అడిగేది వేరే. హాస్టల్ ఫీజు, మెస్ బిల్లు కట్టి ఉంటున్న నూట ఎనభై మంది సంతకాలకు ఐదు రోజుల్లో కదలని ఆఫీసు ఒక్క ఫోన్‌కు రెండు గంటల్లో ఎట్లా కదిలింది? ఆ ఫోన్ చేసిన మనిషి వెనక ఓట్లున్నాయి. మా సంతకాల వెనక ఏమీ లేదు.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయింది 1980ల చివర్లో. అప్పటికి నేను పుట్టలేదు. ఎన్నికలైతే ఆగాయి గానీ రాజకీయాలు ఆగలేదు. ప్రతి పార్టీకీ విద్యార్థి విభాగం ఉంది. గేటు దగ్గర జెండా గద్దెలున్నాయి, ఫ్లెక్సీలున్నాయి, బంద్ పిలుపులున్నాయి. లేనిది ఓటు పెట్టె ఒక్కటే. మా తరఫున ఎవరు మాట్లాడాలో పార్టీ ఆఫీసులో నిర్ణయించి లెటర్‌ప్యాడ్ మీద రాసిస్తారు, మేం పేపర్లో చదువుకుంటాం. హైదరాబాద్‌లోనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థులు తమ సంఘానికి ఓటేసి ఎన్నుకుంటారు. అదే రాష్ట్రంలో, అదే వయసులో ఉన్న మాకు ఆ హక్కు ఎందుకు లేదో ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద రాసి చెప్పలేదు.

"చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకు" అన్న మాట మా ఇంట్లోనూ విన్నాను. మా అమ్మ ఇప్పటికీ ఫోన్ పెట్టేసే ముందు అదే అంటుంది: "సదువుకోను పోయినవు బిడ్డా, సదువుకో. మనకెందుకు ఆ లొల్లి." ఆమె భయం నాకు తెలుసు. దాని గురించి కింద రాస్తాను. కానీ ఈ మాట అధికారంలో ఉన్నవాళ్లు అన్నప్పుడు మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఎందుకంటే వాళ్లు రోజూ పేరు తలచుకుని దండలు వేసే మనుషుల్లో చాలామంది విద్యార్థిగా ఉన్నప్పుడే రాజకీయాల్లోకి వచ్చినవాళ్లు.

హన్మకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు గారు నిజాం పాలనలో ఆ గీతం పాడనివ్వనందుకు విద్యార్థులు చేసిన 1938 వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఇక్కడి చదువుకు దూరమయ్యారు, నాగ్‌పూర్ వెళ్లాల్సి వచ్చింది. ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన జయశంకర్ సార్ ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న 1952 ముల్కీ ఉద్యమంలో విద్యార్థిగా ఉన్నారు. ఆ ఉద్యమం మొదలైంది మన వరంగల్ నుంచే. 1991లో వీళ్లలో ఒకరు దేశానికి ప్రధానమంత్రి అయ్యారు, ఇంకొకరు కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్ అయ్యారు. నినాదం ఇచ్చిన విద్యార్థి వీసీ కుర్చీలో కూర్చున్న ఊరు ఇది. అట్లాంటి చోట ఇవాళ వీసీ ఛాంబర్‌లోకి విద్యార్థి ప్రతినిధి వెళ్లాలంటే ఎవరో పెద్దమనిషితో చెప్పించుకోవాలి. 1969లో గానీ, 2009 డిసెంబర్ తర్వాత గానీ తెలంగాణ కోసం క్యాంపస్‌లు ఏం చేశాయో మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. ఆ రోజుల్లో మా రాజకీయాలు అందరికీ కావలసి వచ్చాయి.

ఎన్నికలు లేకపోవడం వల్ల మామూలు విద్యార్థికి జరుగుతున్న నష్టం ఇది.

1. ప్రతి పనికీ సిఫారసు కావాల్సి వస్తోంది. నీళ్ల సంగతి చెప్పాను. హాస్టల్ గది, ప్రొవిజనల్ సర్టిఫికెట్, రీవాల్యుయేషన్ ఫలితం, అన్నిటికీ "ఎవరితోనైనా చెప్పించు" అనే సలహానే. ఎవరూ తెలియని పిల్లలు, అంటే ఎక్కువగా తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లు, వెనకబడిపోతున్నారు.

2. మా డబ్బు గురించి చర్చ జరిగే చోట మేం లేం. మా ఫీజును ప్రభుత్వం కాలేజీలకు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతే తీసుకోండి. బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. మా పిన్ని కొడుకు బీటెక్ పాసయ్యాడు. ఉద్యోగంలో చేరే రోజుకు ఒరిజినల్స్ చూపించాలన్నారు. కాలేజీ ఇవ్వలేదు. వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టి విడిపించుకునేసరికి ఆ చేరే తేదీ దాటిపోయింది. 2025 నవంబర్‌లో ఈ బకాయిల కోసమే ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్ పెట్టాయి, ప్రభుత్వం వాళ్లతో చర్చలు జరిపింది. యాజమాన్యాలకు సంఘం ఉంది కాబట్టి వాళ్లను పిలిచారు. ఎవరి పేరు మీద ఆ డబ్బు మంజూరవుతుందో ఆ విద్యార్థులందరి తరఫున మాట్లాడటానికి ఎన్నికైన మనిషి ఒక్కరైనా లేరు. కాలేజీలు మూతపడిన రోజుల్లో క్లాసులు పోయింది మాకు, సర్టిఫికెట్లు ఆగింది మాకు.

3. అమ్మాయిలు పూర్తిగా బయట ఉండిపోతున్నారు. ఈ పాయింట్ మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపికగా చదవండి.

ఎన్నికలు లేని చోట నాయకత్వం ఎట్లా తయారవుతుందో చూడండి. రాత్రి తొమ్మిది తర్వాత టీ కొట్టు దగ్గర, అబ్బాయిల హాస్టల్ గదిలో, లేదంటే పార్టీ ఆఫీసులో. ఆ టైమ్‌కు మా గేటుకు తాళం పడి ఉంటుంది. ధర్నాలో ముందు వరుసలో మమ్మల్ని కూర్చోబెడతారు, మహిళలుంటే పోలీసులు తోయరని. లోపలికి వెళ్లి మాట్లాడే ఐదుగురిలో మాత్రం మేం ఉండం. బ్యాలెట్ ఉంటే పరిస్థితి వేరేగా ఉంటుంది. చాలా డిపార్ట్‌మెంట్లలో ఇవాళ సగానికి సగం అమ్మాయిలమే. మా ఓటు అడగడానికైనా మా హాస్టల్ ముందుకు వచ్చి బాత్‌రూమ్ తలుపుల గురించి, వీధి లైట్ల గురించి మాట్లాడాల్సి వస్తుంది. పోటీకి నిలబడటానికి రాత్రి టీ కొట్టుకు వెళ్లనక్కర్లేదు, క్లాసుకు వెళ్లి మాట్లాడితే చాలు.

స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకు సగం సీట్లు మన రాష్ట్రంలో ఉన్నాయి. అసెంబ్లీ, లోక్‌సభల్లో మూడో వంతు ఇవ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ చేశారు. మంచిదే. ఆ సీట్లలోకి ఎవరు రావాలి? మైకు పట్టుకోవడం, ఓడిపోవడం, మళ్లీ నిలబడటం ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? మా ఊళ్లో సర్పంచ్ పదవి ఒకామె పేరు మీద ఉంటుంది, సంతకం తప్ప మిగతా పనంతా ఆమె భర్త చేస్తాడు. ఆమెకు తెలివి లేక కాదు. ఆమె నలుగురిలో నిలబడి మాట్లాడే అవకాశం జీవితంలో మొదటిసారి నలభై ఏళ్లకు, నామినేషన్ రోజునే వచ్చింది.

4. నోరు తెరిస్తే కేసు. మంత్రి పర్యటన ఉందంటే విద్యార్థి నాయకులను తెల్లవారుజామునే గదుల నుంచి స్టేషన్‌కు తీసుకెళ్లడం మన దగ్గర మామూలు వార్త అయిపోయింది. ఏ ప్రభుత్వం ఉన్నా ఇదే తీరు. తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు అటెస్టేషన్ ఫారంలో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అనే గడి దగ్గర ఆ పిల్లవాడి చెయ్యి ఆగుతుంది. వాళ్ల నాన్నకు ఆ టెన్షన్‌తో నిద్ర ఉండదు. ఎన్నికైన ప్రతినిధి అయితే కూర్చోబెట్టి మాట్లాడటానికి మీకూ ఒక మనిషి ఉంటారు.

5. సామాన్యుడి పిల్లలకు రాజకీయాల్లోకి దారి మూసుకుపోయింది. ఉద్యమం ఉన్న రోజుల్లో క్యాంపస్ నుంచి నేరుగా చట్టసభలకు వెళ్లారు. ఓయూ విద్యార్థి నాయకుడు బాల్క సుమన్ 2014లో పెద్దపల్లి నుంచి ఎంపీగా గెలిచారు. ఆయన పార్టీ ఏది, ఆ తర్వాత ఏం చేశారు అన్నది నా విషయం కాదు, దారి ఉండేదని చెప్తున్నాను. ఉద్యమం అయిపోయింది. ఇప్పుడు టికెట్ కావాలంటే ఇంట్లో నాయకుడైనా ఉండాలి, చేతిలో కాంట్రాక్టుల డబ్బైనా ఉండాలి.

6. చదువుకున్నవాళ్లకే ఓటు వేయడం రావడం లేదు. వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి 2024 మేలో, మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ స్థానానికి 2025 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. రెండుచోట్లా వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. ప్రాధాన్య క్రమంలో 1, 2, 3 అంకెలు వేయాల్సిన చోట డిగ్రీలున్నవాళ్లు టిక్కులు పెట్టారు, సంతకాలు చేశారు. మూడేళ్లు, ఐదేళ్లు క్యాంపస్‌లో ఉండి కూడా ఒక్కసారి బ్యాలెట్ పేపర్ పట్టుకోని తరం నుంచి ఇంతకన్నా ఏం ఆశిస్తాం?

ఇప్పుడు భయం గురించి.

ఎన్నికలు ఆపడానికి కారణం ఉంది. నేను దాన్ని తక్కువ చేసి చెప్పను. 1970లలో, 80లలో క్యాంపస్‌లలో కత్తులు దూశారు, పిల్లలు చనిపోయారు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో విద్యార్థి నాయకుడు జార్జ్ రెడ్డిని చంపేశారు. ఓరుగల్లుకైతే ఇంకో గాయం కూడా ఉంది. ఇక్కడి కాలేజీల్లో ఇంజనీరింగ్, మెడిసిన్ చదువుతూ అడవికి వెళ్లి శవమై తిరిగొచ్చిన పిల్లలు ఒకరిద్దరు కాదు. అసలు తిరిగి రానివాళ్లు కూడా ఉన్నారు. మా అమ్మ "ఆ లొల్లి" అన్నప్పుడు ఆమె కళ్ల ముందు మెదిలేది అదే. పక్క ఊళ్లో వాళ్లకు తెలిసిన ఇల్లే ఉంది.

అందుకే అడుగుతున్నాను. గొడవలు ఎన్నికల రోజు మాత్రమే జరిగాయా? ఎన్నికలు ఆగిన తర్వాత ఈ ముప్పై అయిదేళ్లకు పైగా కాలంలో క్యాంపస్‌లలో కొట్లాటలు లేవా? బలం ఎవరిదో తేల్చడానికి ఓటు లెక్క లేకపోతే వెంట ఉన్న మంది లెక్క, బైకుల లెక్క చూస్తారు. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీలో వేల మంది పిల్లలు, అందులో చాలామంది ఇంకా ఇరవై ఏళ్లు నిండనివాళ్లు, పన్నెండు డిమాండ్లు రాసుకుని ఎండలో, వానలో మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు. రెగ్యులర్ వీసీని వేయమన్నారు, తిండి బాగుండాలన్నారు. వారం పాటు కూర్చున్నారు, ఒక రాయి పడలేదు. మంత్రి వచ్చి మాట్లాడాక లేచారు. ఆ పిల్లల మీద నమ్మకం పెట్టుకోవడానికి ఇంకేం రుజువు కావాలి? వాళ్లు వారం పాటు కూర్చుంటే గానీ ఒక మంత్రి రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

హింస జరగకుండా ఎన్నికలు ఎట్లా జరపాలో దేశంలో ఇప్పటికే రాసిపెట్టి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశం మీద మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 22న కోర్టు దాన్ని అమలు చేయమంది. అందులో ఏముందో మన దగ్గర చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు వేసిన పోస్టర్లు ఉండకూడదు, చేత్తో రాసినవే. నామినేషన్ నుంచి ఫలితం దాకా అంతా పది రోజుల్లో అయిపోవాలి. విద్యాసంవత్సరం మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నిక జరపాలి. పోటీ చేసేవాళ్లకు 75 శాతం హాజరు ఉండాలి, నేర చరిత్ర ఉండకూడదు. డిగ్రీ విద్యార్థులకు 22 ఏళ్లు, పరిశోధక విద్యార్థులకు 28 ఏళ్లు పైపరిమితి. అంటే పదేళ్లు హాస్టల్లో ఉండి నాయకుడిగా చలామణీ అయ్యే పద్ధతికి ఈ నిబంధనలే తాళం వేస్తాయి. ప్రస్తుతం పరిస్థితులు బాగాలేని చోట కొంతకాలం ప్రతినిధులను నియమించే నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చు గానీ, ఐదేళ్లలో ఎన్నికలకు మారాలని కూడా కమిటీ చెప్పింది. 2006కు ఐదు కలపండి. 2011 దాటి ఎన్నేళ్లయింది?

ఈ నియమాల్లో నాకు నచ్చనిది ఒకటుంది. ఆఫీస్ బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చేయాలంటారు. మొదటిసారి ధైర్యం చేసి ఓడిపోయిన అమ్మాయికి రెండో అవకాశం ఉండాలని నా అభిప్రాయం. అయినా సరే, ఇవే నిబంధనలతో రేపే ఎన్నిక పెట్టినా మాకు సమ్మతమే.

మా డిమాండ్లు:

1. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, వాటి కింద ఉన్న కాలేజీల్లో లింగ్డో నిబంధనల ప్రకారం విద్యార్థి మండలి ఎన్నికలు జరపాలి. వచ్చే విద్యాసంవత్సరానికి షెడ్యూల్ ముందే ప్రకటించాలి. వీలుకాదంటే ఎందుకు వీలుకాదో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. మూడు వినతిపత్రాల తర్వాత ఆ ఒక్క కాగితమైనా మాకు రావాలి.

2. పెద్ద యూనివర్సిటీలన్నిటిలో ఒకేసారి పెట్టడం కష్టమనుకుంటే ముందు హాస్టల్ కమిటీలకు, మెస్ కమిటీలకు, డిపార్ట్‌మెంట్ ప్రతినిధులకు రహస్య బ్యాలెట్‌తో ఎన్నిక పెట్టండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, వార్డెన్ గారి నోటీసు చాలు.

3. విద్యార్థుల ఫిర్యాదుల కమిటీల్లో మా మనిషి ఉండాలి. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఈ కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అందులో ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితులుగా కూర్చోబెట్టాలి, కానీ ఆ విద్యార్థిని అధికారులే ఎంపిక చేస్తారు. మేం ఎన్నుకున్నవారినే ఆ స్థానంలో నామినేట్ చేయండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తీరాయి అన్న లెక్క మూడు నెలలకోసారి నోటీసు బోర్డులో పెట్టండి.

4. ప్రతి మండలిలో, కమిటీలో సగం స్థానాలు అమ్మాయిలకు ఇవ్వాలి. సమావేశాలు పగటిపూట పెట్టాలి.

5. శాంతియుతంగా నిరసన తెలిపిన విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయాలి. క్యాంపస్‌లో ఒక చోటు చూపించి అక్కడ సభ పెట్టుకోవడానికి, మాట్లాడటానికి అనుమతి ఇవ్వాలి. 2025 మార్చిలో రాష్ట్రంలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయం ధర్నాలు, నినాదాలు వద్దంటూ సర్క్యులర్ ఇచ్చింది. అట్లాంటి సర్క్యులర్లు వెనక్కి తీసుకోవాలి. ఆ కొద్ది రోజులకే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు నరుకుతుంటే ముందు అరిచింది విద్యార్థులే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. విద్యార్థులు అరవకపోయి ఉంటే ఆ నాలుగు వందల ఎకరాల సంగతి ఎవరికి తెలిసేది?

6. పార్టీల నాయకులారా, మీకు ఒకటే మాట. ట్యాంకర్ పంపి బస్సెక్కించుకోవడం ఆపండి. మీ విద్యార్థి విభాగాల పదవులకు మీరే ముందు ఎన్నికలు పెట్టి చూపించండి. స్థానిక ఎన్నికల్లో ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు, అందులోనూ ఇంట్లో ఎవరూ రాజకీయాల్లో లేనివాళ్లకు ఎన్ని టికెట్లు ఇస్తారో ముందే ప్రకటించండి.

అధ్యాపకులకు చేతులెత్తి మొక్కుతూ ఒక విన్నపం. మీలో చాలామంది ఒకప్పుడు విద్యార్థి నాయకులు. ఆ కథలు క్లాసులో చెప్పేటప్పుడు మీ ముఖంలో వెలుగు చూశాను. మా వినతిపత్రం మీద మీ సంతకం అడిగితే మాత్రం తల తిప్పుకున్నారు. మీ కాంట్రాక్టు ఉద్యోగాల ఇబ్బంది తెలుసు. కనీసం మాకు ఎదురు మాట్లాడకండి.

ఇక నా తోటి విద్యార్థులకు. పైవాళ్లు జవాబిచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. ఇవాళ, ఉన్న చట్టాలతోనే మనం చేయగలిగినవి ఉన్నాయి.

ముందు ఓటు. పద్దెనిమిది నిండినవాళ్లు జనవరి దాకా ఆగే పని లేదు. ఇప్పుడు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. పదిహేడు నిండగానే ఓటు నమోదుకు ఫారం 6 ముందుగా ఇచ్చిపెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండేవాళ్లు కాలేజీ నుంచి బోనఫైడ్ తెచ్చుకుంటే హాస్టల్ అడ్రస్ మీదే ఓటు నమోదు చేసుకోవచ్చు, లేదా ఊళ్లోనే ఉంచుకోవచ్చు. రెండుచోట్లా ఉండకూడదు. హాస్టల్ ఓట్లు ఒక్క పోలింగ్ బూత్‌లో రెండు మూడు వందలు పడితే మన కార్పొరేటర్ మన గేటు దాకా వస్తారు, ఫోన్ సిఫారసు అక్కర్లేదు. నా మటుకు నేను ఓటు మా ఊళ్లోనే ఉంచుకున్నాను, గ్రామసభలో మాట్లాడాలని. 2025 డిసెంబర్ సర్పంచ్ ఎన్నికలప్పుడు మా హాస్టల్ పిల్లలు చాలామందికి ఊళ్ల నుంచి "బస్ ఛార్జీ ఫోన్‌పే చేస్తాం, వచ్చి ఓటేసి పో" అని కాల్స్ వచ్చాయి. దయచేసి ఆ డబ్బు తీసుకోకండి. మన ఛార్జీ మనం పెట్టుకుని వెళ్దాం.

రెండోది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తేదీ కనుక్కోండి, వెళ్లి లెక్క అడగండి. మొదటిసారి నేను లేచి నిలబడితే మా ఊరి పెద్దాయన ఒకరు "కూసో బిడ్డా" అన్నారు. రెండోసారి ఆయనే "ఆ పిల్లను మాట్లాడనీయండి" అన్నారు. హైదరాబాద్ కాకుండా మిగతా పట్టణాల్లో ఉండేవాళ్లయితే, 2019 మున్సిపల్ చట్టం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలంటుంది, వాటిలో ఒకటి యువతదే. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లున్నాయి. మీ డివిజన్‌లో ఆ యువత కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు అని అడగండి. ఇరవై ఒకటి నిండితే వార్డు మెంబర్‌గా, సర్పంచ్‌గా, కార్పొరేటర్‌గా మీరే నిలబడొచ్చు.

మూడోది సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. నీళ్ల గొడవ అయ్యాక మేం హాస్టల్ మరమ్మతుల ఖర్చు వివరాలు అడిగాం. ఇరవై ఏడో రోజున జవాబు వచ్చింది. కొత్త మోటారుకు ఫిబ్రవరిలోనే డబ్బు మంజూరై ఉంది. ఏప్రిల్‌లో మేం బకెట్లు మోస్తున్నప్పుడు ఆ ఫైలు ఒక బల్ల మీదే ఉంది. ఆ కాగితం జిరాక్స్ తీసి హాస్టల్ గోడకు అంటించాం. ఆ తర్వాత ఇప్పటిదాకా మా హాస్టల్లో నీళ్లు ఒక పూట మించి ఆగలేదు.

పార్టీలో చేరాలనుకునేవాళ్లు చేరండి. అది తప్పు కాదు. చేరే ముందు ఆ పార్టీ రాజ్యాంగం చదవండి, సభ్యత్వ రసీదు తీసుకోండి. మీ ఊరి బడి గురించి, మీ హాస్టల్ గురించి ఆ పార్టీ సమావేశంలో మాట్లాడనిస్తారో లేదో చూడండి. మాట్లాడనివ్వకపోతే కండువా తిరిగిచ్చి రావడానికి సిగ్గుపడకండి. డిగ్రీ అయి మూడేళ్లు దాటినవాళ్లు పట్టభద్రుల ఓటుకు ఫారం 18 నింపాలి. ఈ జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది, పోయినసారి పేరుంది కదా అని ఊరుకుంటే ఈసారి ఉండదు.

ఉపకులపతులకు, ఉన్నత విద్యా శాఖకు మళ్లీ ఒక్క మాట. ఈ లేఖ ప్రతులు మీ కార్యాలయాలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం, ఈసారి ముట్టినట్టు రసీదు మా దగ్గర ఉంటుంది. నెల రోజుల్లో జవాబు రాకపోతే మా హాస్టల్ మెస్ కమిటీకి మేమే ఎన్నిక పెట్టుకుంటాం. అట్టపెట్టె తయారైంది. ఓటర్ల జాబితా మెస్ రిజిస్టర్ నుంచి రాసుకున్నాం, నూట డెబ్బై ఆరు పేర్లు. ముగ్గురు అమ్మాయిలు పోటీకి పేర్లిచ్చారు. ఇద్దరు ములుగు జిల్లా నుంచి, ఒకరు ఆసిఫాబాద్ నుంచి. లెక్కింపు రోజు సాయంత్రం ఐదు గంటలకు, గేటు మూసే టైమ్‌కు ముందే. మీరు వచ్చి చూడాలని కోరుతున్నాం. మీకోసం కుర్చీ వేసి ఉంచుతాం.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
అమ్మాయిల హాస్టల్ నుంచి